చదువొచ్చా అని అడగడం వేరు, కార్డు చేతికివ్వడం వేరు

జనగణనలో అక్షరాస్యత లెక్క ఎలా పుడుతుందో చూడండి. ఏడేళ్లు నిండి, ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులు. నిర్వచనం బాగానే ఉంది, కానీ చదివించి చూసేవాళ్లు లేరు. వాకిట్లో కూర్చున్న ఇంటిపెద్ద "మా ఆవిడకొచ్చు, మా అమ్మకు రాదు" అంటే అదే ఎక్కుతుంది. 2022-23లో జరిగిన సమగ్ర వార్షిక మాడ్యులర్ సర్వేలో చిన్న చిన్న లెక్కలు చేయగలరా అని కూడా అడిగారు. మంచి ప్రశ్నే, అయినా అదీ నోటిమాటే.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంకో మెట్టెక్కింది. 2019-21 విడతలో తొమ్మిదో తరగతి దాటినవాళ్లకు చదువొచ్చినట్టే లెక్కగట్టి, మిగతావాళ్ల చేతికి ఒక వాక్యమున్న కార్డు ఇచ్చారు. వాక్యమంతా చదివినా, కొంతే చదివినా అక్షరాస్యతలోకే వస్తుంది. ఆ ఫారంలో ఇంకో రెండు గడులున్నాయి: కావలసిన భాషలో కార్డు లేదు, చూపు లేదు. మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో సర్వే తప్పేది ఎక్కువగా ఈ రెండు దగ్గరే.

నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో తమిళం చదివినవాళ్లున్నారు. కుప్పం పోతే కన్నడం కూడా కలుస్తుంది, పట్టణాల్లో ఉర్దూ చదివినవాళ్లుంటారు. సంచిలో తెలుగు కార్డు ఒక్కటే పెట్టుకుని పోతే చదువుకున్న మనిషిని నిరక్షరాస్యుడిగా రాసుకుని వస్తాం. ముందు అడగాల్సింది "ఏ భాషలో చదివారు?" అని, "ఇంట్లో ఏం మాట్లాడతారు?" అని కాదు. ఇక చూపు. నలభై అయిదు దాటాక చత్వారం మామూలే. అద్దాలు లేని మనిషి కార్డును దూరం జరుపుకుంటూ, చివరికి "నాకు రాదులే నాయనా" అనేస్తుంది. +1.50, +2.00, +2.50 పవర్ల చదువుకునే అద్దాలు మూడు జతలు సంచిలో ఉంటే చాలు. ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

ఎవరికి కార్డివ్వాలన్నది ఇంకా పెద్ద చిక్కు. తలుపు తీసినవాళ్లకే ఇచ్చేస్తే ఇంటిపట్టున ఉండేవాళ్ల చదువే కొలిచినట్టు. ఇంట్లోని పెద్దవాళ్ల పేర్లన్నీ రాసి, చీటీ తీసినట్టు ఒకరిని ఎంచుకోవాలి. నలుగురు పెద్దవాళ్లున్న ఇంట్లో ఒకరికే వంతు వచ్చింది గనక ఆ జవాబుకు నాలుగు రెట్ల తూకం ఇవ్వాలి. ఈ తూకం మరిచిపోతే ఉమ్మడి కుటుంబాల పల్లెలు లెక్కలో కుంచించుకుపోతాయి. ఎంచుకున్న మనిషి ఉపాధి పనికో, మామిడి కోతకో పోయుంటే కనీసం మూడు వేర్వేరు పూటలు తిరగాలి. పక్కింటి మనిషిని బదులుగా పట్టుకుంటే సర్వే అక్కడే చెడిపోయినట్టు.

లెక్కలు కొలవడానికి 7 + 5 ఎంత అని అడిగితే ఏమీ తేలదు. పాలకేంద్రం చీటీ ఇవ్వండి: 6.5 లీటర్లు, వెన్న 4.2 శాతం, లీటరుకు 38 రూపాయలు. వెన్న ఎంతుందో చూపించమనడం మొదటి ప్రశ్న. మొత్తం ఎంత రావాలి అన్నది రెండోది. జవాబు 247. నిన్నటి చీటీ కూడా పక్కన పెట్టి, రేటు ఎందుకు తగ్గిందో చెప్పమనడం మూడోది, అసలు కష్టం ఇదే. వెతకడం, లెక్కగట్టడం, పోల్చి తేల్చడం, మూడూ వేర్వేరు నేర్పులు. నోటిలెక్కలో 247 టక్కున చెప్పి, కాగితం మీద గుణకారం వేయలేని పాడి మహిళలున్నారు. ఆ నోటిలెక్కను సున్నా చేయడం అన్యాయం. నోటికీ, కాగితానికీ వేర్వేరు గడులుండాలి. పక్కనున్న కొడుకు "అమ్మా, గుణించు" అని అందిస్తే అదీ రాయాలి.

ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) జరిపే పెద్దల నైపుణ్యాల సర్వే, పియాక్, ఈ పద్ధతిని చాలా దూరం తీసుకెళ్లింది. 2022-23 విడతలో 31 దేశాలు, ఆర్థిక వ్యవస్థల్లో 16 నుంచి 65 ఏళ్లవాళ్లకు ట్యాబ్ మీద పరీక్ష పెట్టారు. భారత్ అందులో లేదు. ప్రశ్న కష్టం, మనిషి సత్తా రెండూ ఒకే 0-500 కొలబద్ద మీద ఉంటాయి. 250 దగ్గరున్న మనిషి 250 కష్టమున్న ప్రశ్నకు మూడింట రెండుసార్లు సరిగా చెప్పగలడని అర్థం. వస్తుందా రాదా అన్న రెండు డబ్బాల కన్నా ఇది ఎంతో నిజాయితీ అయిన కొలత.

మన దగ్గర బడికి పోని పెద్దలకు చదువు నేర్పే కేంద్ర పథకం ఉల్లాస్. దాని పరీక్షలో చదవడం, రాయడం, లెక్కలకు తలా 50 మార్కులు. కానీ అది పేరు నమోదు చేసుకున్నవాళ్లకు పెట్టేది, దాన్నుంచి జిల్లా శాతం తీయకూడదు. అసలు జిల్లా శాతాలనే జాగ్రత్తగా చదవాలి. 400 మందిని పల్లెలవారీ గుంపులుగా తీసుకుంటే, 70 శాతమని వచ్చిన అంకె అటూ ఇటూ ఆరు పాయింట్లు ఊగుతుంది. గుంపులుగా తీయడం వల్ల 400 మంది విడివిడిగా తీసిన 200 మందితో సమానమవుతారనుకుని వేసిన లెక్క ఇది. మూడు పాయింట్లు పెరిగిందని అప్పుడే సభలు పెట్టకూడదు.

చివరగా ఖాళీ జవాబులు. చదవలేక వదిలేసినదాన్నీ, గేదె పాలకు వేళైందని లేచిపోవడం వల్ల వదిలేసినదాన్నీ ఒకే సున్నాగా వేస్తున్నారు. కారణం గడి ఆ వాకిట్లోనే నింపాలి, సాయంత్రం ఆఫీసులో గుర్తు తెచ్చుకుని కాదు.