బిల్లులో ఏ అంకె ఎవరిది

దుబాయిలో నేను పనిచేసే సంస్థ భవనాల శుభ్రత, మరమ్మతుల పనులు చేసే చిన్న సంస్థ. పనివాళ్ల కోసం అద్దెకు తీసుకున్న ఫ్లాట్లు, ఒక గిడ్డంగి, రెండు దుకాణాలు కలిపి నెలనెలా యాభైకి పైగా కరెంటు, నీళ్ల బిల్లులు మా ఆఫీసుకు వస్తాయి. తిరుపతిలో బీకాం ముగించి అక్కడికి వెళ్లిన నాకు మొదటి కొన్నేళ్లు ఉద్యోగమంటే ఆ బిల్లులను ఒక్కొక్కటిగా చూసి ఎక్సెల్‌లో కొట్టడమే. ఇంట్లో మాత్రం అబ్బాయి అకౌంట్స్‌లో ఉన్నాడని చెప్పుకునేవారు.

అక్కడి బిల్లు మన బిల్లులాగా ఉండదు. దుబాయి విద్యుత్, జల సంస్థ ఇచ్చే ఒకే కాగితంలో కరెంటు, గ్యాలన్లలో లెక్కగట్టిన నీళ్లు, మురుగునీటి రుసుము, వీటికి తోడు మునిసిపాలిటీ తరఫున వసూలు చేసే హౌసింగ్ ఫీజు కూడా ఉంటాయి. ఈ ఫీజు ఏడాది అద్దెలో 5 శాతం; దానిని పన్నెండు భాగాలు చేసి నెలనెలా బిల్లులో కలుపుతారు. 2018 జనవరి 1న వచ్చిన వ్యాట్ కూడా 5 శాతమే కావడంతో కొత్తవాళ్లు రెండింటినీ కలగాపులగం చేస్తారు. హౌసింగ్ ఫీజు మీద వ్యాట్ లేదు కనుక, బిల్లు మొత్తం మీద 5 శాతం లెక్క కట్టినవాడి పుస్తకం ఎన్నటికీ సరిపోదు. నేనూ ఆ తప్పు చేసి, మేనేజరు చేత చీవాట్లు తిన్నాకే నేర్చుకున్నాను.

కొన్నేళ్ల తరువాత, రాత్రిళ్లు గదిలో కూర్చుని నేర్చుకున్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషతో ఈ పనిని యంత్రానికి అప్పగించాను. ఈమెయిల్‌లో వచ్చే పీడీఎఫ్ బిల్లులో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి కాబట్టి వాటిని తీసుకోవడం తేలిక. స్కాన్ చేసిన కాగితాలకే, బొమ్మను చూసి అక్షరాలను గుర్తించే ఓసీఆర్ కావాలి. అసలు శ్రమంతా తీసుకున్న అంకెను నమ్మాలా వద్దా అని తేల్చుకోవడంలోనే ఉంది. పాత రీడింగుకు యూనిట్లు కలిపితే కొత్త రీడింగు రావాలి, విడివిడి మొత్తాలు కూడితే ఈ నెల బిల్లు రావాలి, గత నెల బకాయి ఈ నెల ఖర్చులో చేరకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఆ బిల్లు వేరే ఫోల్డరులోకి వెళ్లి నా కోసం ఆగుతుంది.

నాలుగు రోజుల పని అరపూటకు వచ్చింది. కానీ రెండు నెలలపాటు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. వీసా ఉద్యోగానికి ముడిపడి ఉన్న దేశంలో తన పనిని తానే అరపూటకు కుదించుకున్నవాడికి నిద్ర ఎలా పడుతుంది? ప్రోగ్రాము పది నిమిషాల్లో ముగించిన పట్టికను తెరిచిపెట్టుకుని, సాయంత్రం దాకా తీరిక లేనట్టు కూర్చునేవాణ్ని. చివరికి ఒక ఫ్లాటులో నీటి వాడకం మూడింతలైందని ఆ పట్టికే చూపడం, వెళ్లి చూస్తే ఫ్లష్ ట్యాంకు కారుతూ ఉండడంతో, ఇంత త్వరగా ఎలా కనిపెట్టావని మేనేజరు అడిగారు, నేను చెప్పక తప్పలేదు. అప్పటినుంచి నా ఉద్యోగం అలాంటి తేడాలను వెతకడమైంది.

మొన్న సెలవులో తిరుపతికి వచ్చినప్పుడు, రైల్వేస్టేషన్ దగ్గర చిన్న లాడ్జీ, రెండు టిఫిన్ హోటళ్లు నడిపే మా బావ, తన తొమ్మిది మీటర్లకూ అదే ఏర్పాటు చేయమన్నాడు. రెండు రోజుల పని అనుకున్నాను. మీటరు దగ్గర కొట్టి ఇచ్చే చీటీ థర్మల్ కాగితం. వంటింటి వేడికి అంకెలు వెలిసిపోయి, ఫోనుతో ఫొటో తీస్తే 8 కాస్తా 3 అయింది. పదమూడు అంకెల సర్వీసు నంబరును ఎక్సెల్ తన ఇష్టప్రకారం కుదించి చూపించింది, దానిని టెక్స్ట్‌గా మార్చాల్సి వచ్చింది. చీటీలను పక్కన పెట్టి, సర్వీసు నంబరు ఇస్తే ఆన్‌లైన్‌లో కనిపించే బిల్లు నుంచే అంకెలు తీసుకున్నాను. తనిఖీలన్నీ నెగ్గాయి.

పట్టికను బావ కొట్లో ఎన్నో ఏళ్లుగా లెక్కలు రాస్తున్న గుమాస్తా గారికి చూపించాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఒక వరుస మీద వేలు పెట్టి, "నాయనా, ఈ ఏసీడీని ఖర్చులో ఎందుకు రాసినావు? అది మన డబ్బే కదా, వాళ్ల దగ్గర డిపాజిట్‌గా ఉండాది" అన్నారు. వాడకం పెరిగినప్పుడు అదనంగా అడిగే డిపాజిట్ అది. దుబాయిలో కనెక్షన్ తీసుకునేటప్పుడే డిపాజిట్ కట్టేస్తాం కాబట్టి, నెలవారీ బిల్లులో అలాంటి వరుస ఉంటుందన్న ఆలోచనే నాకు రాలేదు. ట్రూఅప్ పేరుతో వచ్చే మొత్తం ఎప్పటిదో పాత వాడకానిదని, దానిని ఈ నెల యూనిట్లతో భాగించి యూనిట్ ధర పెరిగిందని బావను భయపెట్టవద్దని కూడా ఆయనే చెప్పారు.

ఆ తరువాత అల్మరాలోనుంచి ఎర్రసిరా గీతల పుస్తకం ఒకటి తీసి నా ముందు పెట్టారు. తొమ్మిది సర్వీసులకూ ఎప్పుడెప్పుడు ఎంత డిపాజిట్ కట్టారో, దాని మీద వడ్డీ ఏ బిల్లులో తగ్గించారో అందులో వరుసగా ఉంది. ఆయన గొలుసుకట్టు రాతను ఏ ఓసీఆరూ చదవలేదు. సెలవులో మిగిలిన మూడు రోజులూ ఆయన చదువుతుంటే నేను ఒక్కొక్క అంకెనూ ఎక్సెల్‌లో కొట్టాను.