ముందు లీకు చూడు

నా వీసా మీద హెల్పర్ అని రాసి ఉంది. 2013లో ఆర్మూర్ నుంచి దుబాయ్ వచ్చినప్పుడు నేను చేసింది ఆ పనే. అల్ కోజ్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక మోటార్‌సైకిల్ వర్క్‌షాప్. అర్బాబ్, అంటే యజమాని, ఇక్కడి మనిషి. మాకు పని చెప్పే పెద్ద మెకానిక్ ఉస్తాద్‌ది పాకిస్తాన్‌లోని సియాల్‌కోట్. మిగతా వాళ్లం కేరళ, నేపాల్, మన నిజామాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లం. వచ్చేవన్నీ పెద్ద బండ్లు. అందులో సగానికి సగం హార్లే డేవిడ్‌సన్‌లు.

ఊళ్లో ఆరేళ్లు బుల్లెట్ మెకానిక్ దగ్గర పనిచేశాను. గాలిలో పెట్రోల్ కలిపే కార్బరేటర్‌ను ట్యూన్ చేయడమంటే చెవితో, కంటితో చేసే పని. బండి స్టార్ట్ చేసి, ఇంజన్ వేడెక్కాక స్క్రూ కొంచెం కొంచెం తిప్పుతూ ఆ కొట్టుకోవడం ఎక్కడ నిలకడగా ఉందో వినాలి. తర్వాత ప్లగ్ విప్పి చూడాలి. బిస్కెట్ రంగులో ఉంటే గాలీ పెట్రోలూ కలిసిన మిక్చర్ సరిపోయినట్టు. నల్లగా మసి పడితే పెట్రోల్ ఎక్కువ, సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటే తక్కువ. ఇంతే చదువు. దాంతోనే మా గురువు వందల బండ్లు నడిపించాడు.

ఇక్కడ ఆ స్క్రూయే లేదు. హార్లే 2007 మోడళ్ల నుంచి కార్బరేటర్ పెట్టడం మానేసింది. ఎంత పెట్రోల్ చల్లాలో, ఎప్పుడు చల్లాలో సీటు కింద ఉండే చిన్న కంప్యూటర్ నిర్ణయిస్తుంది. కస్టమర్ సైలెన్సర్లు మార్పించి, పెద్ద ఎయిర్ ఫిల్టర్ వేయించుకుని వెళ్లేవాడు. వారానికే తిరిగొచ్చి, థ్రాటిల్ వదిలితే పటపటమని పేలుతోందనీ, స్లోలో ముక్కుతోందనీ చెప్పేవాడు. అప్పుడు బయటి నుంచి ఒక ట్యూనర్ లాప్‌టాప్ పట్టుకుని వచ్చేవాడు. గంటన్నర కూర్చుని, నా నెల జీతంలో సగం పైసలు తీసుకుని వెళ్లిపోయేవాడు. నేను పక్కన నిలబడి టీ అందించేవాణ్ని. ఆ స్క్రీన్ మీద ఏముందో చూడాలని మెడ సాచేవాణ్ని. అంకెలు తప్ప ఏమీ అర్థమయ్యేది కాదు.

ఆ అంకెల గురించే ఈ రాత. మన పిల్లలు చాలామంది ఇది ఇంజనీరింగ్ చదివినవాళ్ల పని అనుకుని దూరంగా ఉండిపోతున్నారు. నేను చదివింది పదో తరగతి. షార్జాలో ఒక పాత లాప్‌టాప్ కొన్నాను. సోనాపూర్ కూలీల క్యాంపులో ఎనిమిది మంది ఉండే గదిలో, పై బెడ్ మీద పడుకుని, మిగతావాళ్లకు వెలుతురు తగలకుండా దుప్పటి కప్పుకుని నేర్చుకున్నాను. రెండు చలికాలాలు పట్టింది. అర్థమయ్యాక, ఇది మా గురువు చెప్పిందేనని తెలిసింది. ఆయన ప్లగ్ రంగులో చూసింది ఇక్కడ పట్టికలో కనిపిస్తుంది.

పట్టిక ఎలా ఉంటుందో చెప్తాను. ఒకవైపు ఇంజన్ తిరిగే వేగం, ఇంకోవైపు ఇన్‌టేక్ పైపులోని గాలి ఒత్తిడి. రెండూ కలిసే ప్రతి గడిలో ఒక అంకె. ఆ వేగంలో, ఆ ఒత్తిడిలో సిలిండర్ నిండా పట్టే గాలిలో నూటికి ఎంత వంతు నిజంగా లోపలికి వస్తుందో ఆ అంకె చెబుతుంది. ఈ బండ్లలో గాలిని నేరుగా కొలిచే మీటర్ ఉండదు. ఒత్తిడి, గాలి వేడి, ఇంజన్ వేగం, ఈ గడిలోని అంకె కలిపి కంప్యూటర్ లెక్క కడుతుంది. దాని ప్రకారం ఇంజెక్టర్‌ను ఇన్ని మిల్లీ సెకన్లు తెరిచి ఉంచుతుంది. సైలెన్సర్, ఫిల్టర్ మారిస్తే లోపలికొచ్చే గాలి మారుతుంది, గడిలోని అంకె మాత్రం మారదు. రోగం అక్కడే మొదలవుతుంది.

లాగింగ్ సాఫ్ట్‌వేర్ చేసే పని, బండి నడుస్తున్నంతసేపూ సెకనుకు చాలాసార్లు వీటన్నిటినీ రాసిపెట్టడం. ఆ రాతనే లాగ్ అంటాం. సైలెన్సర్ పైపులో ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. పొగలో ఆక్సిజన్ మిగిలితే దాని వోల్టేజీ 0.1 దాకా పడిపోతుంది, పెట్రోల్ ఎక్కువైతే 0.9 దాకా లేస్తుంది. సరిపోయిన చోట 0.45 దగ్గర అటూ ఇటూ ఊగుతుంది. మామూలు పెట్రోల్‌కి ఆ సరిపోయే లెక్క ఒక పాలు పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి, బరువులో. ఇప్పుడొక గడి తీసుకుందాం. ఇంజన్ వేగం 2250 ఆర్‌పీఎం, గాలి ఒత్తిడి 40 కిలోపాస్కల్, గడిలో అంకె 78. కంప్యూటర్ అక్కడ ప్రతిసారీ 9 శాతం ఎక్కువ చల్లితేగానీ సెన్సర్ ఒప్పుకోవడం లేదని లాగ్ చెబుతోంది. 78ని 1.09తో గుణిస్తే 85. గడిలో 85 వేయాలి. బండి మళ్లీ నడిపించి, మళ్లీ లాగ్ తీసి, తేడా ఒకటి రెండు శాతంలోకి వచ్చేదాకా ఇదే పని. దీన్ని సాఫ్ట్‌వేర్ తనంతట తానే చేసే సదుపాయం కూడా ఉంది. కానీ మొదట్లో ప్రతి గడీ చేత్తో లెక్కేశాను. లేకపోతే నాకు ఎక్కేది కాదు.

నాకు అప్పటికి ఇక్కడి బైక్ లైసెన్స్ లేదు. ఉస్తాద్ బండి తీసేవాడు, నేను చెప్పేవాణ్ని. "టాప్ గేర్‌లో అరవై నుంచి నూట పది దాకా మెల్లగా పెంచండి, థ్రాటిల్ ఒక్కసారిగా తెరవొద్దు, ఒక్కసారిగా వదలొద్దు." ఒక్కో గడిలో బండి కాసేపు నిలబడితేనే లెక్క నమ్మదగ్గది. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న మనిషి నా మాట విని అలాగే నడిపి వచ్చేవాడు. ఆయన మనసు అంత పెద్దది. నేను ఈ రోజు తింటున్న అన్నంలో ఆయన వాటా ఉంది.

అసలు చెప్పాలనుకున్నది ఇప్పుడు చెప్తాను.

హార్లే ట్విన్ క్యామ్ 103 ఇంజన్ బండి ఒకటి, ముందొక సిలిండర్, వెనకొక సిలిండర్. పైపులు, సైలెన్సర్లు నేనే మార్చాను. సిలిండర్ హెడ్‌కీ, పొగ బయటికి వచ్చే బెండు పైపుకీ మధ్య వచ్చే గాస్కెట్ కొత్తది స్టాకులో లేదు. పాతది చూడటానికి బాగానే ఉందని అదే వేసి బిగించాను. లాగ్ తీస్తే ముందు సిలిండర్‌లో పెట్రోల్ ఐదారు శాతం తక్కువని చూపించింది. అది మామూలే. వెనక సిలిండర్ మాత్రం స్లో వేగాల్లో 22 శాతం తక్కువ చూపించింది. పై వేగాల్లో ఏడెనిమిదే. నాకు అక్కడే అనుమానం రావాలి. రాలేదు. స్క్రీన్ మీద కనిపించింది కదా అని గడులన్నీ పెంచేశాను. మళ్లీ లాగ్ తీస్తే రెండు సిలిండర్లూ ఒక గీత మీద నిలబడ్డాయి. అంత అందమైన లాగ్ నా చేతి మీద అంతవరకూ రాలేదు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి బాపుకి కూడా చెప్పాను.

పది రోజులకు కస్టమర్ వచ్చాడు. సిగ్నల్ దగ్గర ఆగితే కళ్లు మండుతున్నాయనీ, ట్యాంకు ముందులా రావడం లేదనీ అన్నాడు. నేను లాప్‌టాప్ తెరవబోయాను. ఉస్తాద్ నా చెయ్యి పట్టుకుని ఆపి, పానా తెమ్మన్నాడు. రెండు ప్లగ్‌లూ విప్పి గుడ్డ మీద పక్కపక్కన పెట్టాడు. ముందుది బిస్కెట్ రంగు. వెనకది బొగ్గు. వేలితో గీస్తే మెత్తటి మసి ఊడి వచ్చింది. లాగ్‌లో రెండూ ఒక్కటే. గుడ్డ మీద ఒకటి కాదు.

ఆయన బండి చల్లారేదాకా ఆగాడు. క్యాష్ కౌంటర్ దగ్గరున్న అగరుబత్తి ఒకటి వెలిగించాడు. ఇంజన్ స్టార్ట్ చేయించి, సైలెన్సర్ మూతి దగ్గర మడిచిన తడిగుడ్డ కొద్దిసేపు అడ్డం పెట్టమని నాకు చెప్పాడు. అగరుబత్తిని వెనక సిలిండర్ బెండు పైపు అతుకు చుట్టూ మెల్లగా తిప్పాడు. పొగ నిటారుగా లేస్తూ ఉంది. ఫ్రేమ్ వైపు, కంటికి కనిపించని మూలకు రాగానే ఆ పొగ చిటుకు చిటుకుమని పక్కకు కొట్టుకుంది. ఇంజన్ ఆపి టార్చ్ వేస్తే అక్కడ హెడ్ మీద వెంట్రుకంత సన్నటి నల్లటి చార.

"పహలే లీక్ దేఖ్, బేటా. ఫిర్ కంప్యూటర్." ముందు లీకు చూడు, తర్వాతే కంప్యూటర్. అంతే అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

జరిగింది ఇది. ఇంజన్ పొగను ఒక్కో దెబ్బగా బయటికి తోస్తుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య పైపులో ఒత్తిడి బయటి గాలి కంటే తగ్గుతుంది. అతుకులో సందు ఉంటే బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. సెన్సర్‌కు ఆ గాలి ఎక్కడిదో తెలియదు. ఆక్సిజన్ కనిపించింది కాబట్టి పెట్రోల్ చాలడం లేదంటుంది. కంప్యూటర్ ఇంకా చల్లుతుంది. స్లో వేగాల్లో దెబ్బల మధ్య వ్యవధి ఎక్కువ, పొగ తక్కువ, అందుకే అక్కడ తేడా ఎక్కువ. ఆ 22 శాతంలో చాలా వరకు ఇంజన్ తిన్న గాలి కాదు, నేను వేసిన పాత గాస్కెట్ మింగిన గాలి. కొత్తది వేసి, పట్టిక మొదటికి తీసుకెళ్లి లాగ్ తీస్తే వెనక సిలిండర్ కూడా ఎనిమిది దగ్గరే ఆగింది. కస్టమర్ దగ్గర పైసా తీసుకోలేదు. గాస్కెట్ ఖరీదు నా జీతంలోంచి కట్ చేయమని నేనే అడిగాను. ఉస్తాద్ ఒప్పుకోలేదు.

అప్పటి నుంచి లాప్‌టాప్ తగిలించే ముందు ప్లగ్‌లు చూస్తాను, అతుకులన్నీ పొగతో చూస్తాను, ఇన్‌టేక్ సీళ్లు చూస్తాను. బ్యాటరీ, పెట్రోల్ ప్రెషర్ కూడా. గంట పోతుంది. పోనీ.

లాగ్ తక్కువదని మాత్రం అనుకోవద్దు. చెవికి అందనివి అది పట్టుకుంటుంది. ఆగస్టులో ఇక్కడ కొన్ని మధ్యాహ్నాలు 45 డిగ్రీలు దాటుతాయి. పదిహేను డిగ్రీల గాలితో పోలిస్తే ఆ గాలి దాదాపు తొమ్మిది శాతం పలచన. పైగా V ఆకారంలో రెండు సిలిండర్లుండే ఈ వి-ట్విన్ ఇంజన్‌లో వెనక సిలిండర్‌కి ఎదురుగాలి సరిగా తగలదు, ఎక్కువ కాగుతుంది. లోడు మీద అక్కడ నాకింగ్, అంటే మిక్చర్ అదుపు తప్పి టకటకమని పేలడం, మొదలవుతుంది. సైలెన్సర్ మోతలో అది ఎవరికీ వినపడదు. ఈ బండి కంప్యూటర్ ప్లగ్ ద్వారానే నాకింగ్‌ను పసిగట్టి స్పార్క్‌ను వెనక్కి లాగుతుంది, అంటే కాస్త ఆలస్యంగా వేస్తుంది, ఎన్ని డిగ్రీలు లాగిందో లాగ్‌లో పడుతుంది. వెనక సిలిండర్ దగ్గర నాలుగు, ఐదు అని కనిపిస్తే స్పార్క్ పట్టికలో ఆ గడుల్లో టైమింగ్ తగ్గిస్తాను. పిస్టన్ పగిలాక తెలుసుకునే సంగతిని ముందే చెప్పినందుకు ఆ సాఫ్ట్‌వేర్‌కు దండం పెట్టాలనిపిస్తుంది.

పెట్రోల్ పట్టిక సరిచేయడానికి మాత్రం ఎండలో తీసిన లాగ్‌ను నేను వాడను. ట్రాఫిక్‌లో ఆగితే ఇంజన్ సెగకు గాలి వేడి చూసే సెన్సర్ కూడా కాగి, లేని వేడి చూపిస్తుంది. తెల్లవారుజామున ఐదింటికి తీస్తాం, రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు. ఇంకో చిక్కు, దుబాయ్ బల్లపరుపు. తక్కువ వేగం, ఎక్కువ లోడు ఉండే గడులు ఇక్కడ నిండవు. వాటికి ఎత్తు ఎక్కే రోడ్డు కావాలి. హత్తా కొండల వైపో, రాస్ అల్ ఖైమాలో జెబెల్ జైస్ కొండకో పోవాలి. లైసెన్స్ వచ్చాక మొదటిసారి ఆ కొండ నేనే ఎక్కాను, ట్యాంక్ బ్యాగ్‌లో లాప్‌టాప్ పెట్టుకుని. మలుపు మలుపుకీ ఒక్కో ఖాళీ గడి నిండుతోందని తెలుస్తూ ఎక్కడం, ఆ సంతోషం ఎవరికి చెప్పాలో తెలియలేదు. మా ఆర్మూర్ సిద్ధులగుట్ట గుర్తొచ్చింది.

ఇంటి దగ్గర మా మేనల్లుడికి చిన్న మెకానిక్ షాపు ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొల్యూషన్ రూలు వచ్చినప్పటి నుంచి కొత్త బండ్లు దాదాపు అన్నీ ఇంజెక్షన్‌వే. "మామా, కార్బరేటర్ పోయింది, మా బతుకు పోయింది" అని ఫోన్‌లో బాధపడ్డాడు. నేను గట్టిగా చెప్పాను, పోలేదు అని. చాలా బండ్లకు సీటు కిందో పక్కనో 6 పిన్‌ల డయాగ్నస్టిక్ సాకెట్ ఉంటుంది. ఫోన్‌కి బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ కొనుక్కుంటే థ్రాటిల్, ఇంజన్ వేడి, సెన్సర్ వోల్టేజీ చూడొచ్చు. మార్చడం తర్వాత, ముందు చదవడం నేర్చుకో అన్నాను.

వాడు ఇంకోటి అడిగాడు. నా దగ్గరున్న పట్టిక ఫైళ్లు పంపితే అక్కడి బండ్లలో వేస్తానని. పంపలేదు. బండి వేరైతే పట్టిక పనికిరాదు, అది ఒకటి. ఒకే మోడల్ అయినా ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. దానికి సరిపోయే లెక్క 14.7 కాదు, 13.5 దగ్గర. ఇథనాల్ లేని పెట్రోల్‌కి కట్టిన పట్టిక అక్కడ వేస్తే పెట్రోల్ చాలక మన ఎండలో ఇంజన్ మరీ కాగుతుంది. పైగా కంపెనీ ఇచ్చిన పొల్యూషన్ లెక్కలు చెరిపే పని వాడికి నేర్పడం నాకు ఇష్టం లేదు.

పోయిన నెల వీడియో కాల్ చేశాడు. ఒక ఇంజెక్షన్ బుల్లెట్, స్లోలో పేలుతోందట. సెన్సర్ వోల్టేజీ ఎప్పుడూ 0.1 దగ్గరే ఉంటోంది, సెన్సర్ పోయినట్టుంది, కొత్తది ఆర్డర్ పెట్టమంటావా మామా అన్నాడు.

"షాపులో దేవుడి పటం ఉందా?"

"ఉంది."

"అగరుబత్తి?"

వెలిగించాడు. ఫోన్ ఒక చేత్తో, అగరుబత్తి ఇంకో చేత్తో పట్టుకుని బెండు పైపు దగ్గర కూర్చున్నాడు. స్టార్ట్ చేయమని కుర్రాడికి చెప్పాడు. వీడియో మసకగా ఉంది, నెట్ ఆగి ఆగి వస్తోంది. పొగ నిటారుగా లేస్తోంది. చెయ్యి మెల్లగా పైపు వెనక్కి తిప్పరా అన్నాను. తిప్పాడు. పొగ చిటుకుమని పక్కకు కొట్టుకుంది.

"మామా!" అన్నాడు.