ఈసీఆర్ పాస్‌పోర్టు, అవ్వ నూరిన మసాలా

పాస్‌పోర్టు స్పీడ్ పోస్టులో వచ్చింది. కవరు చింపి తిప్పి చూస్తే ఈసీఆర్, అంటే ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్ అని ఉంది. మా మెట్‌పల్లి వైపు ఆ మూడు అక్షరాలకు అర్థం ఎవరూ చెప్పనక్కర్లేదు. పది పాస్ కానివాడి పాస్‌పోర్టు అని. నేను పది పాసయ్యాను, ఆపైన ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కూడా చేశాను.

తప్పు నాదే. ఫారం నింపిన నెట్ సెంటర్ పిల్లగాడు "ఆధార్ చాలన్నా" అన్నాడు, నేను సరేనన్నాను. చదువు దగ్గర వాడు ఏం నొక్కాడో కూడా చూడలేదు. 1,500 ఫీజు కట్టి, స్లాట్ దొరికిన రోజు పొద్దున్నే ఆర్మూర్ మీదుగా నిజామాబాద్ వెళ్లాను. సేవా కేంద్రంలో ఏ, బీ, సీ అని మూడు కౌంటర్లు. మొదటి దాంట్లో ఫొటో, వేలిముద్రలు, మిగతా రెండింట్లో కాగితాల పరిశీలన. గంటన్నరలో బయటపడ్డాను. పది మార్కుల మెమో మాత్రం ఇంట్లో ఇనప పెట్టెలో, అవ్వ (మా అమ్మ) బీడీల పీఎఫ్ కాగితాల కింద భద్రంగా ఉండిపోయింది. పోలీస్ వెరిఫికేషన్ ఐదు నిమిషాల పని. వచ్చినాయన నన్ను ఇంటి ముందు నిలబెట్టి ట్యాబ్‌లో ఫొటో తీసుకుని పోయాడు.

పాస్‌పోర్టులోంచి ఈసీఆర్ తొలగించుకోవాలంటే మెమో పెట్టి మళ్లీ దరఖాస్తు చేయాలి, మళ్లీ 1,500 కట్టాలి. సరే అనుకుని మెమో తీస్తే అందులో బాపు, అంటే మా నాన్న పేరు గంగరాజం. ఆధార్ చూసి వేసిన పాస్‌పోర్టులో గంగారాం. ఊళ్లో అందరూ పిలిచేది గంగన్న. ముగ్గురూ ఒక్కరేనని నాకు తెలుసు, ఆఫీసుకు రుజువు చేయాలంటే ఎన్ని అఫిడవిట్లు రాయించాలో! అక్కడే ఆగిపోయాను.

ఈలోగా ఒక సబ్ ఏజెంట్ ఇంటికొచ్చాడు. "ఈసీఆర్ ఉంటే కష్టం తమ్మీ. విజిట్ వీసా మీద దుబాయ్ పంపుత. ఆడికి పోయినంక కంపెనీ వీసా కొట్టిస్తరు. లక్షా ఇరవై." నిజం చెప్పాలంటే నేను మెత్తబడ్డాను. వారంలో పంపిస్తానంటే ఎవరికి ఆశ ఉండదు?

ఆ రాత్రి మా చిన్నాన్న, చిన్నబాపు వచ్చాడు. ఆయన దుబాయ్ పోయింది కూడా విజిట్ మీదనే. గడువు దాటాక ఖల్లివెల్లి అయ్యాడు. గల్ఫ్ పోని వాళ్ల కోసం చెబుతున్నా, ఖల్లివెల్లి అంటే కాగితాల్లేకుండా దాక్కుని పనిచేసేవాడు. ఒంట్లో బాగా లేకపోతే ఆసుపత్రికి పోలేడు, జీతం ఎగ్గొడితే ఎవరికీ చెప్పుకోలేడు. తాత చనిపోతే ఆయన వీడియో కాల్‌లో చూశాడు. 2018లో యూఏఈ ఆమ్నెస్టీ (క్షమాభిక్ష) ఇచ్చినప్పుడు ఔట్‌పాస్ అనే తాత్కాలిక ప్రయాణ పత్రం మీద ఇల్లు చేరాడు. నా పాస్‌పోర్టు అటూ ఇటూ తిప్పి, "ఈసీఆర్ ఉంటే ఏమైతది? ఉండనీ. అది ఉంటెనే నీ కాగితాలు ఇంకొకడు సూస్తడు" అన్నాడు.

అదేంటో తెలుసుకుందామని కూర్చుంటే ఆయన చెప్పింది అక్షరాలా నిజమే. ఈసీఆర్ వాళ్లు పనికి పోవాలంటే గల్ఫ్ దేశాలు, మలేషియా, ఇరాక్ అన్నీ కలిపి 18 దేశాలకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వం అనుమతి ఉండాలి. 1983 నాటి చట్టం అది. క్లియరెన్స్ రావాలంటే ఏజెంట్‌కు లైసెన్స్ ఉండాలి, కంపెనీ వివరాలు, ఒప్పందం ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లోకి ఎక్కాలి. ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు కడితే, ప్రమాదంలో పోయినా, పనికిరాకుండా పోయినా 10 లక్షలు. మా ఊళ్లో శవపెట్టె కోసం ఎదురుచూసిన ఇళ్లు నాకు తెలుసు. 275 రూపాయలంటే ఆ సబ్ ఏజెంట్ మా ఇంట్లో కూర్చుని తాగిన చాయ్, సిగరెట్ల ఖర్చు కూడా కాదు. ఆయన మాత్రం ఈ బీమా ఊసే ఎత్తలేదు. విజిట్ మీద పోతే ఇవేవీ ఉండవు మరి. మెమో మళ్లీ పెట్టెలో పెట్టేశాను.

తర్వాత ఈమైగ్రేట్‌లో లైసెన్స్ చూసుకుని హైదరాబాద్‌లో ఒక ఏజెన్సీకి పోయాను. ఏజెంటు తీసుకోదగ్గ గరిష్ఠ ఫీజు 30,000, జీఎస్టీ కలిపితే 35,400. రసీదు ఇస్తారా అని అడగడానికి మెట్ల మీదే రెండుసార్లు రిహార్సల్ చేసుకున్నాను. ఇచ్చారు. ఇంటర్వ్యూలో ఒక బోర్డు వైరింగ్ చేయించారు. ఖతార్ కంపెనీ, ఎలక్ట్రీషియన్ పని. నెలకు 1,800 రియాళ్లని నోటితో చెప్పారు. అప్పుడు రియాల్ ఇంచుమించు 22 రూపాయలు. బస్సులో వేలు మడిచి లెక్క పెట్టుకున్నాను, నలభై వేలకు అటూ ఇటూ. ఆ ధైర్యంతోనే చెల్లె పెళ్లికి మూడు లక్షలు నూటికి రెండు రూపాయల మిత్తికి మాట్లాడి పెట్టుకున్నాను.

ఖతార్‌కు పోయేవాళ్లకు హైదరాబాద్‌లోనే వీసా సెంటర్ ఉంది. రక్తపరీక్ష, ఎక్స్‌రే, వేలిముద్రలు అన్నీ ఇక్కడే. ఆఖర్న ఒప్పందం స్క్రీన్ మీద చూపించి సంతకం అడుగుతారు. నా ముందున్న అతను పెన్ను పట్టుకోవడం, గీయడం, లేవడం అర నిమిషంలో అయిపోయాయి. నా వంతు వచ్చింది. స్క్రీన్ మీద పని ఎలక్ట్రీషియనే, అది సరిగ్గానే ఉంది. బేసిక్ 1,000. తిండికి 300. రూము కంపెనీది. కిందికి జరిపి చూశాను, పైకి జరిపి చూశాను. 1,800 ఎక్కడా లేదు.

"ఇంతేనా మేడమ్?" అన్నాను.

"మీరు చదివి చూసుకోండి. ఇష్టమైతేనే సంతకం పెట్టండి" అందామె. విసుక్కోలేదు.

పక్కకు వచ్చి ఏజెన్సీకి ఫోన్ చేశాను. "ఓటీ కలిపి చెప్పినం కదా!" అన్నారు. ఓటీ, అంటే ఓవర్‌టైమ్ అనే మాట ఇంటర్వ్యూలో నేను వినలేదు. 2021 మార్చి నుంచి ఖతార్‌లో ఎవరికైనా ఇవ్వాల్సిన కనీస జీతం ఆ 1,000. అంటే చట్టం ఎంత తక్కువ ఒప్పుకుంటుందో అంతే రాశారు. అవ్వకు ఫోన్ చేస్తే, "ఈడ ఎంతొస్తుంది, ఆడ ఎంతొస్తుంది" అని ఒక్కటే అడిగింది. ఇక్కడ వైరింగ్ పని ఉన్న నెల పదిహేను వేలు, లేని నెల ఏమీ లేదు. అక్కడ 1,300 అంటే ఇరవై ఎనిమిది వేల పైచిలుకు. లోపలికి పోయి సంతకం పెట్టాను. బయటికి వచ్చి మొదట చేసిన ఫోన్ మిత్తికి ఇచ్చే ఆయనకు. మూడు లక్షలు వద్దు, లక్ష చాలన్నాను. చెల్లె పెళ్లి ఏడాది వాయిదా పడింది. దాని గురించి ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగా మాట్లాడుకోలేదు.

వీసా, బీమా, క్లియరెన్స్ వెంట వెంటనే వచ్చాయి. పాస్‌పోర్టు, ఒప్పందం, బీమా కాగితాలు మూడు సెట్లు జిరాక్స్ తీయించాను. ఒకటి బ్యాగులో, ఒకటి చిన్నబాపు దగ్గర, ఒకటి ఇనప పెట్టెలో. ఫోన్లో ఫొటోలు సరేసరి. పాస్‌పోర్టు ఎవరికీ ఇవ్వకు, కంపెనీ గుంజుకుంటే అక్కడి చట్టప్రకారం తప్పే అని చిన్నబాపు నాలుగుసార్లు చెప్పాడు.

పోయే ముందురోజు ఆయనే బ్యాగు విప్పించాడు. పక్కింటి వాళ్లు తమ కొడుక్కి పంపిన పచ్చడి డబ్బాతో పాటు ఒక గోళీల పొట్లం ఉంది. ఏం గోళీలో వాళ్లకూ తెలియదు, నొప్పులవట. వాపసు ఇచ్చేశాం, వాళ్లకు కోపం వచ్చింది. ఆ తర్వాత అవ్వ కట్టిన మసాలా డబ్బా మూత తీసి వాసన చూశాడు.

"వదినా, గసాలు ఏసినవా?"

"గసాలు లేకుంటే అది మసాలా ఎట్లయితది?"

గల్ఫ్‌లో గసగసాలు మత్తుమందు కింద లెక్క, జైల్లో వేస్తారని చెబితే అవ్వ నమ్మలేదు. నవ్వింది. తర్వాత చిన్నబాపు ముఖం చూసి డబ్బా తీసుకుని లోపలికి పోయింది. రాత్రి పదకొండింటికి మిక్సీ చప్పుడు వినిపించింది.

ఖతార్ వచ్చిన మొదటి శుక్రవారం క్యాంపు రూములో కోడికూర వండాను. రూములో ఐదుగురం, ఇద్దరు జగిత్యాల వాళ్లే. బాగుంది, రసం కొంచెం పలచగా వచ్చిందని ఒకతను అన్నాడు.