నీళ్ళు పోయే చిల్లులు

రథసప్తమి వెళ్ళిన ఆదివారం ఇవాళ. పొద్దున్న ఐదున్నరకే మెలకువ వచ్చేసింది, పోర్టికోలోకి వెళ్ళి చూస్తే బండి మీద కప్పిన దుప్పటి మంచుకి తడిసి ముద్దయిపోయి ఉంది. దుప్పటి తీసి డ్రైవర్ వైపు డోరు మీద చెయ్యి పెడితే ప్రైమర్, అంటే రంగుకి ముందు కొట్టే అడుగు పూత, చల్లగా, కొంచెం చెమ్మగా తగిలింది. ఇవాళ రంగు కొట్టాలి, కానీ ఎండెక్కేదాకా స్ప్రే గన్ ముట్టుకోకూడదని రాత్రే గట్టిగా అనుకున్నా కాబట్టి కాఫీ తాగేసి 600 నంబరు వాటర్ పేపర్ (తడిపి రుద్దే గరుకు కాగితం) బకెట్లో నానేసుకుని కూర్చున్నా.

మాది 1984 ప్రీమియర్ పద్మిని. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్ళు 1964లో ఫియట్ 1100 డిలైట్ అని మొదలుపెట్టి, తర్వాత 1974లో దానికి పద్మిని అని పేరు పెట్టారు గానీ మా ఇంట్లో మాత్రం అది ఎప్పుడూ ఫియట్టే. నాన్నగారు 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 1089 సీసీ ఇంజను, స్టీరింగ్ పక్కన గేరు, ముందు డోర్లకి తిప్పి తెరుచుకునే ముక్కోణం అద్దాలు. అన్నవరం, ద్రాక్షారామం, పిఠాపురం, తలుపులమ్మ లోవ అన్నీ దీన్లోనే తిరిగాం. నాన్నగారు పోయి నాలుగేళ్ళయింది. ఇంజను ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది, బాధంతా బాడీతోనే. కాకినాడలో ఇంట్లో పెట్టుకున్న ఇనపబీరువాకే తుప్పు పడుతుంది, ఇంక ఎండకీ వానకీ తిరిగే బండి సంగతి చెప్పేదేముంది.

ఈ డోరు కథ ఆరేళ్ళ క్రితంది. అప్పట్లో డోరు కింద అంచున రంగు పొక్కులు లేస్తే నాన్నగారు ఒక షెడ్డులో ఇచ్చారు, వారం తిరిగేసరికి అద్దంలా చేసి పంపారు, ఆయన ఎంత సంతోషపడ్డారో. రెండు వానాకాలాలు తిరిగేసరికి అదే చోట మళ్ళీ పొక్కులు. నెల కిందట నేను స్క్రూడ్రైవర్ పెట్టి ఒక పొక్కు ఎత్తితే పుట్టీ పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది. ఎంత మందం అనుకున్నారు, నా బొటనవేలి గోరు పొడుగుంది. దాని వెనక రేకు లేనే లేదు. చిల్లులోకి న్యూస్‌పేపర్ ఉండ చుట్టి కుక్కి, పైన పుట్టీ మెత్తేసి, రుద్ది, రంగు కొట్టేశారు. ఆ పేపర్ ముద్ద ఆరేళ్ళుగా ప్రతి వానకీ నీళ్ళు పీల్చుకుని, చుట్టూ ఉన్న మంచి రేకుని కూడా తినేసింది. చేతిలోకి తీసుకుంటే ఇంకా తడిగా ఉంది. నాన్నగారికి ఇది తెలియకుండానే పోయారు, ఒక్కోసారి అదే నయం అనిపిస్తుంది, ఒక్కోసారి ఆయన ఉండగానే నేను విప్పి చూసి ఉండాల్సిందనిపిస్తుంది.

అసలు డోర్లు అక్కడే ఎందుకు తుప్పు పడతాయో విప్పాక గానీ నాకు సరిగ్గా అర్థం కాలేదు. వాన పడితే అద్దం మీద నీళ్ళు రబ్బరు పక్కనుంచి డోరు లోపలికి దిగుతాయి, దిగడం తప్పు కాదు, అలా దిగి కింద అంచుకున్న చిల్లుల్లోంచి బయటికి పోవాలనే డోరు అలా చేస్తారు. ఆ చిల్లులు మట్టితో, ఎండాకులతో పూడుకుపోతే డోరు అడుగున చెంబుడు నీళ్ళు నిలబడిపోతాయి. తుప్పు లోపల మొదలై బయటికొస్తుంది, మనకి పొక్కు కనపడేసరికి రేకు అయిపోయినట్టే. పై నుంచి ఎంత పుట్టీ పెట్టి ఏం లాభం, ఆ షెడ్డు వాళ్ళయితే పుట్టీతో ఆ చిల్లులు కూడా మూసేశారు!

మూడు వారాల కిందట టింకరింగ్ మేస్త్రి వచ్చి చచ్చిన రేకంతా కోసేశారు, ఎత్తు మూడంగుళాలు, పొడుగు పద్నాలుగు. బ్యాటరీ ఊడదీసి, లోపలి ట్రిమ్ము, అద్దం, రబ్బర్లు నేను ముందే తీసి ఉంచా, పక్కన రెండు బకెట్ల నీళ్ళు. 20 గేజి రేకు కత్తిరించి, కింద అంచు డాలీ (రేకు వెనక ఆనించే ఇనప దిమ్మ) పెట్టి మెల్లగా మడత కొట్టి, వెల్డింగ్ పెట్టేటప్పుడు ఒక చుక్క ఈ చివర, ఒక చుక్క ఆ చివర, ఒకటి మధ్యలో, ప్రతి చుక్క తర్వాత తడిగుడ్డ. ఒకే వరసన పెట్టుకుంటూ పోతే వేడికి రేకు వంకర తిరిగిపోతుందట, ఆ వంకర తియ్యడం మళ్ళీ ఒక రోజు పని. నీళ్ళు పోవడానికి కింద రెండు చిల్లులు పాతవి ఎక్కడున్నాయో కొలిచి అక్కడే వేయించా. లోపలి వైపు తుప్పు పట్టకుండా రెడ్ ఆక్సైడ్ రెండు కోట్లు నేనే కొట్టా. ఈ లోపలి పని ఎవరికీ కనపడదు, నాకు మాత్రం పై రంగు కన్నా అదే ముఖ్యం.

పోయిన ఆదివారం పుట్టీ, ప్రైమర్. నిమ్మకాయంత పుట్టీకి దాన్ని గట్టిపరిచే హార్డెనర్ బఠాణీ గింజంత, అంతే, తొందర కోసం ఎక్కువ వేస్తే తర్వాత పై రంగులోకి మరక ఎక్కుతుంది. మేస్త్రికీ నాకూ ఒక్క దగ్గరే మాట పడింది, ఆయనకి పుట్టీ కూడా నీళ్ళతో రుద్దే అలవాటు, దుమ్ము లేవదు, పేపర్ ఎక్కువసేపు వస్తుంది, నిజమే. కానీ పుట్టీ నీళ్ళు పీలుస్తుంది, ఆ చెమ్మ లోపలే ఉండిపోతే రేపు మళ్ళీ పొక్కే కదా. "మీ బండి, మీ ఇష్టం అండి" అన్నారు. నేను చెక్కముక్కకి పేపర్ చుట్టి 80, 180, 320 మొత్తం పొడిగానే రుద్దా, సాయంత్రానికి తల, మీసాలు అన్నీ పిండిమరలోంచి వచ్చినట్టు అయిపోయాయి గానీ మనసుకి తృప్తిగా ఉంది.

రుద్దుతుంటే ఒకటి కనపడింది, అది రాసుకోకుండా ఉండలేను. పాత రంగు అంచు మెట్టులా ఉండకుండా ఏటవాలుగా రుద్దుకుంటూ పోతే పొరలన్నీ ఉల్లిపాయ కోసినట్టు చుట్లు చుట్లుగా బయటపడతాయి. పైన షెడ్డు వాళ్ళ తెలుపు, దాని కింద కాస్త పసుపు తిరిగిన తెలుపు, అది నాన్నగారు 1998లో నా ఇంజనీరింగ్ సీటు వచ్చిన ఏడు కొట్టించింది. దాని కింద ఇంకో తెలుపు, కింద బూడిదరంగు ప్రైమర్, అట్టడుగున లేత నీలం. మా బండి నీలంగా పుట్టిందన్నమాట! అమ్మని పిలిచి చూపిస్తే వంగి చూసి, వేలుతో తడిమి, "మనం కొనేటప్పటికే తెల్లదిరా, మీ నాన్న తెల్ల బండి అనే తీసుకున్నారు" అంది. ఆర్‌సీలో కూడా వైట్ అనే ఉంది. ఒక రోజంతా ఆ నీలం నా బుర్రలో తిరిగింది. చివరికి తెలుపే అనుకున్నా, అదీ నాన్నగారి తెలుపు. కోసేసిన రేకు ముక్క పై అంచున ఆ రంగు కొంచెం మిగిలి ఉంటే దాన్ని కాంపౌండుతో రుద్ది మెరుపు తెచ్చి పెయింట్ షాపుకి పట్టుకెళ్ళా, ఆ కుర్రాడు తెలుపులో చుక్క పసుపు, ఇంకో చుక్క నలుపు వేస్తూ మూడుసార్లు కలిపి, ప్రతిసారీ అట్టముక్క మీద పూసి ఆరబెట్టి పక్కన పెట్టి చూపించాడు. తడి రంగు చూసి ఒప్పేసుకోకూడదు, ఆరాక షేడు మారుతుంది.

సరే, ఇవాళ్టికొస్తే. ప్రైమర్ మీద నిన్న రాత్రే నల్ల రంగు స్ప్రే దూరం నుంచి తుంపరలా చల్లి ఉంచా. దాని మీద రబ్బరు ముక్కకి పేపర్ చుట్టి సబ్బునీళ్ళతో రుద్దితే మిట్టలున్న చోట నలుపు ముందే పోతుంది, పల్లమున్న చోట ఉండిపోతుంది. తొమ్మిదింటికల్లా డోరంతా బూడిదరంగు తేలింది, వెల్డింగ్ గీతకి కాస్త పైన మాత్రం రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ పోవట్లేదు. పోవట్లేదు కదా అని అక్కడే ఇంకా రుద్దితే పల్లం పెరుగుతుంది. పదిన్నరకి మేస్త్రి వచ్చారు, ఆయనకి నేను మచ్చ గురించి చెప్పలేదు. ఆయన పాత నూలుగుడ్డ ఒకటి అరచేతి కింద వేసుకుని, మొహం పక్కకి తిప్పుకుని, డోరు మీద ఆ చివర నుంచి ఈ చివరకి మెల్లగా చెయ్యి జరిపారు. సరిగ్గా ఆ మచ్చ దగ్గర ఆగి "ఇక్కడ దిగిందండి" అన్నారు. నేనూ అలాగే గుడ్డ వేసి చూశా, మొదటిసారి ఏమీ తెలీలేదు, నాలుగోసారికి చెయ్యి వెంట్రుకవాసి కిందికి దిగి మళ్ళీ లేచినట్టు తెలిసింది. ఆయన ముప్ఫై ఏళ్ళ చెయ్యి అది.

ఆ పల్లానికి పల్చగా ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పుట్టీ గీసి, ఆరాక రుద్ది, అంతమేరకే ప్రైమర్ కొట్టి, తూర్పు ఎండ పోర్టికోలోంచి పోయేదాకా ఆరనిచ్చాం. ఈలోపు అమ్మ పాత వాయిల్ చీరలు నాలుగు తీసిచ్చింది, వాటిని తడిపి పోర్టికో చుట్టూ తెరల్లా కట్టా, పక్కింటి వాళ్ళ స్కూటర్ మీదా ఆరేసిన బట్టల మీదా రంగు దుమ్ము పడకూడదు కదా. నేల మీద నీళ్ళు చల్లా. ఇంటి దగ్గర కొట్టేవాళ్ళు మెరుపెక్కువని 2కే రంగు, అంటే హార్డెనర్ కలిపి కొట్టే రంగు, జోలికి పోవద్దు, దాని హార్డెనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, బయటి గాలి అందించే మాస్కు లేకుండా అది పీలిస్తే ఊపిరితిత్తులు పాడైపోతాయి. నేను పాతకాలం ఎన్‌సీ రంగే తీసుకున్నా, దానికైనా ఆవిర్లని పీల్చుకునే క్యాట్రిడ్జి మాస్కు ఉండాల్సిందే. మేస్త్రి ఇన్నేళ్ళూ కర్చీఫ్ కట్టుకునే పని చేశారు, ఆయనకీ ఒక మాస్కు కొని ఉంచా, మొదట వద్దన్నారు, మా ఇంట్లో పెట్టుకోవాల్సిందేనని పట్టుబడితే పెట్టుకున్నారు, వెళ్ళేటప్పుడు సంచీలో వేసుకుని తీసుకెళ్ళారు కూడా. నాకు చాలా సంతోషమేసింది.

ఒంటిగంటన్నరకి మొదటి కోటు. ఒక వంతు రంగుకి వంతున్నర థిన్నర్, గాలి 40 పీఎస్ఐ, గన్‌కీ రేకుకీ జానెడు దూరం, ముందు అట్ట మీద కొట్టి చూసుకుని. చెయ్యి ఊగకుండా మనిషే పక్కకి నడవాలి, మణికట్టు తిప్పితే మధ్యలో దట్టం, చివర్లు పల్చన. కోటుకీ కోటుకీ మధ్య పావుగంట. మూడు కోట్లు చక్కగా పడ్డాయి. మూడున్నర దాటాక మేస్త్రి వెళ్ళిపోయారు, నేను నాలుగోది మొదలెట్టా, అప్పుడే చీరలు లోపలికి ఊగాయి. సముద్రం వైపు నుంచి గాలి తిరిగింది. రెండు నిమిషాల్లో డోరు కింద సగం పాల మీగడ కట్టినట్టు తెల్లగా, మెరుపు లేకుండా పాలిపోయింది. థిన్నర్ ఎగిరిపోతూ రంగుని చల్లబరిస్తే గాలిలో చెమ్మ దాని మీద చేరుతుంది, అదీ సంగతి. తెలుసు, అయినా గుండె జారిపోయింది. గాలి తిరిగితే పనికొస్తుందని మేస్త్రి రిటార్డర్ (మెల్లగా ఆరే థిన్నర్) సీసా కిటికీలో పెట్టి వెళ్ళారు. గన్ కడిగి అది పోసి, రంగు లేకుండా ఒట్టిదే పల్చని ఆవిరిలా చల్లా. చూస్తుండగానే ఆ మీగడ కరిగిపోయి కింద నుంచి తడి మెరుపు తేలింది, ముందు అంచున, తర్వాత మధ్యలో. ఇంక చాలని అక్కడితో ఆపేశా. వారం పది రోజులు ఆరాక 1500తో రుద్ది పాలిష్ పెట్టాలి.

రాత్రి ఏడున్నరకి టేపులూ పేపర్లూ తీసేశాక ఒకటి చూసుకోకుండా నిద్ర పట్టదనిపించింది. అమ్మ టార్చి పట్టుకుంది, నేను చెంబుతో అద్దం సందులోంచి రంగుకి తగలకుండా సన్నగా నీళ్ళు పోసి కింద కూర్చుని చూశా. ముందు చిల్లులోంచి చుక్కలు మొదలై ధార కట్టింది. వెనక చిల్లులోంచి ఏమీ లేదు. "అదేంట్రా, అది రావట్లేదు" అంది అమ్మ. సైకిల్ స్పోక్ పెట్టి మెల్లగా తిప్పితే గట్టిపడిన రెడ్ ఆక్సైడ్ పొర ఒకటి చిట్లి ఊడింది, దాని వెనకే నీళ్ళు నా చేతి మీదుగా కారి మెట్ల మీదకి పోయాయి. లేచి ఇంకో చెంబు పోశా.