విత్తౌట్ సులైమాని

దుబాయిలో వైద్య పరీక్ష చేసిన డాక్టరు, మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బీఏ1సీ నాకు 6.3 ఉందని, అది 6.5కు చేరితే మధుమేహం కిందే లెక్క అని చెప్పినప్పుడు, జగిత్యాలలో మా బాపు రోజూ పొట్టకు పొడుచుకునే ఇన్సులిన్ సూది నా కళ్లముందు మెదిలింది. అప్పటికి నా వయసు 37.

ఆ రాత్రే క్యాంపు గదిలోని నా చక్కెర డబ్బాను తోటివారికి ఇచ్చేసి, ఇక తీపి ముట్టనని ఒట్టు పెట్టుకున్నాను. అది నాలుగు రోజులు నిలిచింది. ఎందుకు తప్పిందో తెలుసుకోవాలని, స్టోర్‌కీపరుగా సైటుకు వచ్చే ప్రతి బస్తాకూ లెక్క రాసే అలవాటుతోనే, నోట్లోకి వెళ్లే ప్రతి తీపికీ ఒక చిన్న పుస్తకంలో లెక్క రాయడం మొదలుపెట్టాను. మిఠాయిలు నేను దాదాపు తినడం లేదని, నా చక్కెరంతా తాగేవాటిలోనే ఉందని వారంలో తేలింది: బస్సెక్కే ముందు ఒక కరక్ చాయ్, పది గంటలకు మరొకటి, అన్నం తర్వాత 330 మిల్లీలీటర్ల కోలా, సాయంత్రం దిగాక మళ్లీ చాయ్. ఒక్క కోలా డబ్బాలోనే సుమారు 35 గ్రాముల చక్కెర ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజు మొత్తానికి 25 గ్రాములకు మించకపోతే మేలంటుంది. 2017 అక్టోబరులో ఇక్కడి ప్రభుత్వం ఈ పానీయాలపై 50 శాతం పన్ను వేసినప్పుడు, ధర పెరిగిందని గదిలో అందరం బాధపడ్డామే కాని, ఎందుకు వేశారని ఒక్కరమూ అడగలేదు.

కోలా సులువుగానే పోయింది. ఎండాకాలంలో పన్నెండున్నర నుంచి మూడు దాకా ఎండలో పని ఆపే వేళ, నీడన కూర్చుని చల్లని లబన్‌లో చిటికెడు ఉప్పు వేసుకుని తాగితే అది మన మజ్జిగే, దాహమూ తీరేది.

చాయ్ మాత్రం కష్టపెట్టింది. కొట్టు దగ్గర నిలబడే ఆ పది నిమిషాలే నిజామాబాద్, కరీంనగర్ వాళ్లతో తెలుగులో ఇంటి సంగతులు చెప్పుకునే సమయం; అక్కడికి వెళ్లాక ఎవరో ఒకరు కరక్ గ్లాసు చేతిలో పెడతారు. నా ఒట్టు తప్పింది అక్కడే. చక్కెర తగ్గించి ఇమ్మందామంటే, మా కొట్టులో కరక్‌ను పాలు, టీపొడి, యాలకులతోపాటు చక్కెర కూడా వేసే మరిగిస్తారు. నా ఇబ్బంది విన్న మలయాళీ కొట్టాయన సులైమాని తాగమన్నాడు. అది పాలు లేని చాయ్. నిమ్మరసం, చక్కెర ఎవరికి కావలసినంత వారికి గ్లాసులోనే కలుపుతాడు. మొదట రెండు చెంచాలు వేయించుకుని, పదిహేను రోజులకొకసారి అర చెంచా చొప్పున తగ్గిస్తూ వచ్చాను. ఒక్కసారిగా మానగలిగేవారు ఉంటారు, వారి పట్టుదలకు నమస్కారం. నాకు మాత్రం అర చెంచాయే సాధ్యమైంది. రెండు నెలలకు, మలయాళీలు చక్కెర లేని చాయ్‌ని పిలిచినట్టే, "విత్తౌట్" అని అడగడం మొదలుపెట్టాను. తొలి వారం వగరు నాలుకకు పట్టుకుని, ఆ పది నిమిషాలూ నీళ్లు తాగుతూనే గడిపాను. తర్వాత అలవాటైంది.

రంజాన్‌లో మసీదు దగ్గర ఇఫ్తారుకు పిలిచి పెట్టే ఖర్జూరాలను నేను కాదనలేదు. మూడు తిని, ఆ మూడూ పుస్తకంలో రాశాను.

ఆరు నెలల తర్వాతి పరీక్షలో 5.8 వచ్చిందని ఫోనులో చెబితే, బాపు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ చాయ్ ఎట్లా చేస్తారో చెప్పమని, అమ్మను కూడా ఫోను దగ్గరికి పిలిచాడు.

"నిమ్మకాయ మరిగేటప్పుడే పిండాల్నా బిడ్డా?"

"వద్దు బాపూ, చేదెక్కుతది. దించినంక పిండుమను."