రీసేల్ కోసం దాచిన ఇల్లు

"అక్కా, ఏమీ అనుకోకండి. దేవుడి గది ఖాళీ చేయాలి. గడప మీద పసుపు కూడా కడిగేయండి, ఫోటోల్లో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది."

ఈ మాట ఎవరో అమెరికన్ ఆవిడ అని ఉంటే నాకింత కష్టంగా ఉండేది కాదేమో. అన్నది మన తెలుగమ్మాయే, మా ఇల్లు అమ్మిపెడుతున్న రియల్టర్. అంతకుముందు సంక్రాంతికి అదే గడప దాటి వచ్చి, అదే గదిలో దండం పెట్టుకుని, అరిసెలు తిని వెళ్ళింది. ఆ రోజు మాత్రం చేతిలో ట్యాబ్ పట్టుకుని గదులన్నీ తిరుగుతూ తీసేయాల్సినవి రాసుకుంది. పెళ్ళి ఫోటో, పాప అక్షరాభ్యాసం ఫోటో, దండ వేసిన మామగారి ఫోటో, ఫ్రిజ్ పక్కన తెలుగు క్యాలెండరు, గ్యారేజీలో బియ్యం బస్తాలు, వీధి తలుపుకి తోరణం.

"చూడ్డానికి వచ్చినవాళ్ళకి ఇది మా ఇల్లే అనిపించాలక్కా. మీరు కనిపిస్తే మీ ఇల్లనిపిస్తుంది" అంది. నేనేమీ మాట్లాడకపోయేసరికి తనే మళ్ళీ, "పెళ్ళిచూపులకి అమ్మాయిని కూర్చోబెడతాం కదా, అలా అనుకోండి" అంది.

నా పెళ్ళిచూపులప్పుడు మా పిన్ని నా కళ్ళజోడు తీయించింది. వచ్చినవాళ్ళ ముఖాలన్నీ మసకగానే కనిపించాయి. ఎవరేమడిగారో గొంతుని బట్టి పోల్చుకుని జవాబు చెప్పాను. ఇరవై ఏళ్ళ కిందటి ఆ ఇబ్బంది ఆ ఒక్క మాటతో మళ్ళీ గుర్తొచ్చింది.

డాలస్ పక్కన ప్లేనోలో 2013లో కొన్నాం ఈ ఇల్లు. 2024లో మావారి ఉద్యోగం ఆస్టిన్‌కి మారింది, అమ్మక తప్పలేదు. ఇల్లు అమ్మడం ఇక్కడ ఎంత మామూలో నాకు తెలియక కాదు. మా వీధిలోనే ఈ పదకొండేళ్ళలో నాలుగిళ్ళు చేతులు మారాయి. అయినా తోరణం దగ్గర మనసు ఆగిపోయింది. గుమ్మం దగ్గర మనం నమ్మే దేవుడికి సంబంధించిన వస్తువులు పెట్టుకుంటే హెచ్‌ఓఏ, అంటే కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం, వాళ్ళు అడ్డుపడకూడదని టెక్సస్‌లో 2011లోనే చట్టం వచ్చింది, 2021లో దాన్ని ఇంకా విస్తరించారు. తలుపుకి ఏ రంగు వేయాలో చెప్పే హెచ్‌ఓఏ కూడా తీయమనలేని తోరణాన్ని, నా చేత్తో నేనే విప్పి డబ్బాలో పెట్టాను.

మొదట కోపం ఆ అమ్మాయి మీద అనుకున్నాను. రెండు రాత్రులు నిద్రపట్టక అటూ ఇటూ దొర్లాక తెలిసింది, నా కోపం 'రీసేల్' అనే మాట మీద అని.

దిగిన కొత్తలో వంటింటికి పసుపురంగు వేయిద్దామన్నాను. నరసరావుపేటలో మా అమ్మ వంటిల్లు అదే రంగు. "రీసేల్‌కి దెబ్బ" అన్నారు మావారు. హాల్లో ఉయ్యాలబల్ల వేయిద్దామంటే, సీలింగ్‌లో కొక్కేలు దించాలి, బొక్కలు పడతాయి, ఎవరు కొంటారు అన్నారు స్నేహితులు. గోడకి మేకు కొట్టాలన్నా భయమే. ఫోటోలన్నీ జిగురు పట్టీల మీద వేలాడదీశాం. అర్ధరాత్రి ఎప్పుడో ఒక ఫోటో జారి పడితే ఉలిక్కిపడి లేచేవాళ్ళం. మేం పడుకునేదీ లేచేదీ ఆ ఇంట్లోనే, కానీ దాన్ని ఎప్పుడో రాబోయే ఎవరి కోసమో భద్రంగా దాచిపెడుతూ వచ్చాం.

మావారిని తప్పుపట్టను. ఇక్కడ చాలామందికి ఇల్లే పెద్ద పొదుపు. పన్నుల లెక్క కూడా అలాగే ఉంది. అమ్మేముందు అయిదేళ్ళలో కనీసం రెండేళ్ళు ఆ ఇంట్లో కాపురముంటే, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేసినప్పుడు 5 లక్షల డాలర్ల దాకా లాభం మీద పన్ను ఉండదు. 1997 నుంచి ఉన్న నియమం ఇది. ఇంటిని మెరుగుపరచడానికి పెట్టిన ఖర్చు కొన్న ధరకి కలుపుకోవచ్చు, మామూలు రిపేర్లకి పెట్టింది కలపకూడదు. అందుకని ఆయన దగ్గర రసీదుల ఫైలు ఒకటి ఉంది, ఏడాదివారీగా. ఆ జాగ్రత్త లేకపోతే పాప చదువుకి డబ్బు ఎక్కడిది?

కానీ నేను పుట్టిపెరిగిన ఇంటిని మా నాన్న ఏడేళ్ళు కట్టారు. బడిపంతులు జీతం. ఒక ఏడాది గోడలు లేచాయి, రెండేళ్ళు ఆగాయి. మాచర్ల నుంచి నాపరాళ్ళు వచ్చిన రోజు అమ్మ లారీకి ఎదురెళ్ళి నీళ్ళు పోసింది. అందులో ఏ మూల చేసిన ఏ పనీ అమ్మకం కోసం చేసింది కాదు. వెల్ల వేయిస్తే పండక్కో పెళ్ళికో. అది అమ్మితే ఎంతొస్తుందన్న మాట నాన్న నోట నేను ఒక్కసారి కూడా వినలేదు.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది వంటింటి సంగతి. మా పొయ్యి పైన ఉన్న మైక్రోవేవ్‌కి కింద ఒక ఫ్యాన్ ఉండేది. అది పొగని బయటికి పంపదు. లోపల ఉన్న బొగ్గు ఫిల్టర్‌లోంచి తోసి మళ్ళీ మన ముఖం మీదికే వదులుతుంది. ఇక్కడ చాలా ఇళ్ళలో ఇంతే. మన పోపుకి అది ఏం సరిపోతుంది? ఎండుమిర్చి వేయగానే దగ్గు, వెంటనే స్మోక్ అలారం. పాప స్కూలు కోటుకి ఇంగువ వాసన పట్టిందని ఒకరోజు కళ్ళనీళ్ళతో వచ్చింది. అప్పట్నుంచి వేపుళ్ళూ పోపులూ పెరట్లో పెట్టిన చిన్న గ్యాస్ పొయ్యి మీదే. జనవరి చలిలో స్వెట్టర్ వేసుకుని, మూకుడు ముందు నిలబడి బెండకాయలు వేయించేదాన్ని. పైపు వేసి పొగ గోడలోంచి బయటికి పోయేలా హుడ్ పెట్టిద్దామని మూడుసార్లు అడిగాను. గోడ కోయాలి, ఖర్చు, మళ్ళీ చూద్దాం అనుకున్నాం.

అమ్మే ముందు ఆ అమ్మాయి జాబితాలో మొదటి పని అదే. రెండే రోజుల్లో అయిపోయింది. పనివాళ్ళు పాత మైక్రోవేవ్ విప్పితే దాని వెనక గోడ మీద చేతికి అంటుకునేంత జిడ్డు, తేనెరంగులో. పదకొండేళ్ళ నా వంట అంతా అక్కడ పేరుకుని ఉంది. వేడినీళ్ళతో, డీగ్రీజర్‌తో నేనే గుడ్డ పెట్టి తుడిచాను, వాళ్ళు చేస్తామన్నా ఒప్పుకోలేదు. తర్వాత వాసన పైకి రాకుండా షెల్లాక్ ప్రైమర్ కొట్టి, దాని మీద షెర్విన్ విలియమ్స్ వాళ్ళ అగ్రీయబుల్ గ్రే వేశారు. రియల్టర్లు ఎక్కువగా చెప్పే రంగు. పేరులోనే ఉంది, ఎవరికీ అభ్యంతరం లేని బూడిదరంగు.

స్టేజింగ్ అనే ఈ పద్ధతిని 1970లలో సియాటిల్ వైపు బార్బ్ ష్వార్జ్ అనే రియల్టర్ మొదలుపెట్టారని చెబుతారు. ఆవిడకి నాటకాల అనుభవం ఉందట. నాటకానికి రంగం సిద్ధం చేసినట్టు ఇంటిని సిద్ధం చేయడం. మా ఇంటికి వచ్చిన స్టేజర్ నిజంగా పనిమంతురాలు. దేవుడి గదిలో ఒక కుర్చీ, లైటు, మూడు పుస్తకాలు పెట్టి చదువుకునే మూలలా మార్చేసింది. చింతపండు సీసా ఉండే చోట గాజుగిన్నెలో ప్లాస్టిక్ నిమ్మకాయలు పెట్టింది. ఇల్లు అందంగా ఉంది, కాదనను. పదకొండేళ్ళలో ఆ హాలు అంత విశాలంగా ఉందని నేనెప్పుడూ గమనించలేదు. మాకు అక్కర్లేనివి ఎన్ని పోగేసుకున్నామో కూడా అప్పుడే చూశాను. పాత సామాను విరాళంగా తీసుకునే గుడ్‌విల్ దుకాణానికి మావారు కారులో ఆరుసార్లు తిరిగారు. పెళ్ళికొచ్చిన స్టీలు గిన్నెలు మాత్రం ఇవ్వనివ్వలేదు.

కానీ మేం ఆ ఇంటికి నిజంగా చేసినది ఏదీ ఫోటోల్లో కనిపించదు. ప్లేనో నేల మా పల్నాడు నల్లరేగడికి స్వయానా చుట్టం. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. దానితోపాటు ఇంటి పునాదీ కదులుతుంది. ఎండాకాలంలో పునాదికి నీళ్ళు పెట్టాలని ఇక్కడివాళ్ళు అంటే, ఎందుకో నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది. మెట్ట పొలంలో పడే బీటల్లో చిన్నప్పుడు చేయి పెట్టి చూసినదాన్ని. ప్రతి మే నుంచి సెప్టెంబరు దాకా ఇంటి చుట్టూ చెమ్మ కారే గొట్టం పరిచి, సాయంత్రం పూట పాదుకి పెట్టినట్టు నీళ్ళు పెట్టాను. టెక్సస్‌లో అమ్మేవాళ్ళు నింపాల్సిన ఫారంలో పునాది రిపేర్లు జరిగాయా అని అడుగుతారు. లేదని టిక్కు పెట్టేటప్పుడు నాకు గర్వంగా అనిపించింది. కొనేవాళ్ళకి నేనిచ్చేది అది. తోరణం దాస్తే దాచాం, అది మాత్రం వాళ్ళ కాళ్ళ కింద ఉంటుంది.

శని, ఆదివారాలు ఇల్లు చూపించారు. చూపించేంతసేపూ మేం ఇంట్లో ఉండకూడదు. లైబ్రరీ ముందు కారు ఆపుకుని, వెనక సీట్లో క్యారియర్ విప్పి పెరుగన్నం తిన్నాం. సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వచ్చినవాళ్ళలో సగానికి పైగా మనవాళ్ళేనట, ఈస్ట్ ఫేసింగ్ అని తెలిసి వచ్చారట. "పూజకి ఏ గది బాగుంటుందని అడిగారక్కా. ఆ కుర్చీ ఉన్న గది చూపించాను" అంది. కాసేపు ఆగి, "మీ ఇంట్లో ఎలా ఉండేదో చెప్పాను. ఆ రోజు కష్టపెట్టాను, సారీ అక్కా" అంది. నాకు గొంతు పట్టేసింది. పర్లేదమ్మా అన్నాను. తన ఉద్యోగం తను చేసింది.

ఆస్టిన్‌లో చూసిన ఇంటికి ఏం చేయాలో మావారే ఒక కాగితం మీద రాశారు. మొదటిది హుడ్. రెండోది వంటింటి రంగు, 'పసుపు' అని రాసి కింద గీత గీశారు. రీసేల్ మాట ఎత్తలేదు.

అగ్రిమెంటు అయ్యాక, సామాను కట్టేవాళ్ళు వచ్చే ముందు రాత్రి, ఉన్న రెండు గిన్నెలతో చారు పెట్టాను. కొత్త హుడ్ ఆన్ చేసి, నూనెలో ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ వేశాను. పొగ నిటారుగా పైకి లేచి లోపలికి వెళ్ళిపోయింది. దగ్గు రాలేదు, అలారం మోగలేదు. మంట తగ్గించి, చెప్పులు వేసుకుని ఇంటి పక్క సందులోకి వెళ్ళాను. గోడకి బిగించిన రేకు మూత గాలికి తెరుచుకుని ఉంది. అక్కడ, గడ్డి మీద, మా ఇంటి పోపు వాసన. చారు పొంగుతోందని మావారు లోపల్నుంచి పిలిచేదాకా అక్కడే నిలబడ్డాను.