గంగేశుడు, ఇస్త్రీ బండి, నా నెట్ పేపర్-1

ఫ్రెండ్స్, యూజీసీ నెట్ (అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష) పేపర్-1లో ఇండియన్ లాజిక్ అనగానే పక్కన పెట్టేసేవాళ్లలో నేనూ ఒకణ్ణి. మొదటి అటెంప్ట్‌కి ఎవరి దగ్గరో జిరాక్స్ తీయించుకున్న నోట్సులో ‘విరుద్ధం’ (అనుకున్నదానికి వ్యతిరేకాన్నే రుజువు చేసే తప్పు హేతువు) కింద సత్ప్రతిపక్షం (ఎదురుగా సమాన బలమున్న మరో హేతువు నిలిచే తప్పు) ఉదాహరణ ఉంది. అదే బట్టీ పట్టా. మిగతావి నెగటివ్ మార్కులు లేవు కదా అని గుడ్డిగా పెట్టేశా. ఫలితం మీకు చెప్పక్కర్లేదు.

రెండోసారి గంగేశోపాధ్యాయుడి దగ్గర మొదలుపెట్టా. 14వ శతాబ్దం, మిథిల. నవ్యన్యాయానికి, అంటే న్యాయ దర్శనంలోని కొత్త తర్క సంప్రదాయానికి, పునాది ఆయన గ్రంథం ‘తత్త్వచింతామణి’. అందులో ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగే ఖండాలు. సిలబస్‌లో ఆరు ప్రమాణాలు (జ్ఞానం పొందే మార్గాలు) ఉన్నాయే అని కంగారు పడకండి. మిగతా రెండూ, అంటే అర్థాపత్తి, అనుపలబ్ధి, భాట్ట మీమాంసకులూ అద్వైతులూ ఒప్పుకునేవి. నైయాయికులు (న్యాయ దర్శనం వాళ్లు) వాటిని వేరే ప్రమాణాలుగా లెక్కపెట్టరు.

గంగేశుడు చిన్నప్పుడు మొద్దబ్బాయట. ఎవరో గోవుతో పోల్చి వెక్కిరిస్తే, ‘గోత్వం (గోవుతనం) గోవులోనే ఉంటే నాలో లేనట్టే. గోవు కానివాళ్లలోనూ ఉంటుందంటే, మీలోనూ ఉన్నట్టే’ అన్నాడని కథ. నిజమో కాదో గానీ ‘జాతి’ (ఒక రకం వాటన్నిటిలోనూ ఉండే ఉమ్మడి లక్షణం) అనే మాట నాకు దీంతోనే బుర్రకెక్కింది.

అసలు చిక్కు వ్యాప్తి (ఒకటి ఉన్నచోటల్లా రెండోది తప్పక ఉండే సంబంధం) దగ్గర. పొగ ఉంటే నిప్పుంటుంది, సరే. నిప్పుంటే పొగ ఉంటుందా? నెలరోజులు ఇక్కడే కొట్టుకున్నా. ఓ సాయంత్రం మా సందు చివర ఇస్త్రీ బండి దగ్గర నిలబడ్డా. పెట్టెలో బొగ్గులు ఎర్రగా కణకణమంటున్నాయి, పొగ మాత్రం లేదు. అదే వానాకాలం మా అమ్మమ్మ నీళ్ల పొయ్యి దగ్గర గొట్టంతో ఊదుతుంటే కళ్లు మండిపోయేవి. తేడా తడి కట్టెలది! నిప్పుతో పాటు పొగకు కావలసిన ఇలాంటి అదనపు షరతునే ‘ఉపాధి’ అన్నారు. పొగ ఉన్నచోటల్లా తడి కట్టె ఉంటుంది, నిప్పు ఉన్నచోటల్లా ఉండదు. శాస్త్రంలో ఇస్త్రీ పెట్టె బదులు ఎర్రగా కాలిన ఇనుప గుండు ఉంటుంది, అంతే.

తత్త్వచింతామణి మూలం జోలికి మాత్రం పోకండి. దాని అనుమాన ఖండం మీద రఘునాథ శిరోమణి రాసిన వ్యాఖ్య ‘దీధితి’కి మళ్లీ వ్యాఖ్యలున్నాయి, ఆ వ్యాఖ్యలకూ వ్యాఖ్యలున్నాయి. మన తెలుగువాడు అన్నంభట్టు 17వ శతాబ్దంలో రాసిన ‘తర్కసంగ్రహం’ చాలు. ‘కాశీకి పోయినంత మాత్రాన అన్నంభట్టు అయిపోరు’ అని సామెతే ఉంది. తర్కసంగ్రహంలో హేత్వాభాసాలు (హేతువులా కనిపించే తప్పు హేతువులు) ఐదూ పొట్టి పొట్టి వాక్యాల్లో ఉంటాయి. ‘శబ్దం నిత్యం, ఎందుకంటే అది పుట్టింది’ అనేది విరుద్ధం. పుట్టినది నిత్యం ఎలా అవుతుంది?

ఈసారి ఆ యూనిట్‌లో తడబడలేదు. టైమంతా డేటా ఇంటర్‌ప్రెటేషన్ తినేసింది, ఆ గోల ఇంకోసారి.